అత్త అందించిన జవాబులు

మా అత్త కుడి బొటనవేలికి గోరు సగమే ఉంటుంది. మిగతా సగం మా మామయ్య కొరికేశాడు. అది కాపురంలో గొడవ కాదు, పనిలో జరిగిన ప్రమాదం. బాక్సింగ్ రింగులో ఆయన పన్ను ఒకటి ఊడి గొంతులోకి జారుతుంటే, ఊపిరాడక పోతాడేమోనని అత్త నోట్లో వేలు పెట్టి లాగింది. ఆయనకు అప్పటికి సగం స్పృహే ఉంది. ఎదుటివాడి చెయ్యనుకున్నాడో ఏమో, గట్టిగా పట్టేశాడు. పన్ను బయటికొచ్చింది, గోరు లోపలికి పోయింది. "ఒకటిచ్చి ఒకటి పుచ్చుకున్నాం" అని అత్త నవ్వేది. నాకు మాత్రం ఆ సంగతి విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. నేను మొదట్నుంచీ కోపిష్టిదాన్నే.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళికి ముందు పరుపుల కొట్టులో పనిచేసేది. దూది దట్టించి, దబ్బనంతో అంచులు కుట్టడం ఆమె పని. కొట్టు వెనకాల రేకుల షెడ్డులో బాక్సింగ్ జిమ్ము ఉండేది. అక్కడ ఇసుక బస్తాలు చిరిగినప్పుడల్లా దబ్బనం పట్టుకుని అత్తే వెళ్ళేది. వాటిని చింపేది ఎక్కువగా ఒకడే. అందరూ అతణ్ణి సుత్తి అనేవారు. పేరు వినగానే నవ్వకండి, మాటలతో ప్రాణాలు తోడే రకం కాదు. అసలు నోరు విప్పేవాడే కాదు. కుడిచెయ్యి దింపితే ఎదుటివాడు మేకులా దిగిపోయేవాడు, అందుకని ఆ పేరు. "చింపింది నువ్వే కదా, పట్టుకో" అని అత్త అతనిచేతే బస్తా పట్టించి కుట్టేది. అలా పట్టుకుని పట్టుకుని మా ఇంటి అల్లుడయ్యాడు.

రింగుకు నాలుగు మూలలుంటాయి. ఒక మూల మనవాడిది, దానికి ఎదురు మూల అవతలివాడిది. రౌండు అయ్యాక బాక్సర్ తన మూలకొచ్చి స్టూలు మీద కూలబడతాడు. అక్కడ బకెట్టు, స్పాంజి, పత్తి పట్టుకుని ఒక మనిషి కాచుకుని ఉంటాడు. ఆ పనిని కార్నర్ అంటారు. మళ్ళీ గంట మోగేలోపు చేతిలో ఉండేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో నెత్తురు ఆపాలి, వాపు అణచాలి, నీళ్ళు పుక్కిలింపించాలి, కొడిగట్టినవాణ్ణి మళ్ళీ నిలబెట్టాలి. పెళ్ళయిన కొత్తలో ఒక పోటీలో మామయ్య కార్నర్ మనిషి ఎవడితోనో మాటామాటా పెరిగి బకెట్టు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. జనంలో కూర్చున్న అత్త లేచి, తాళ్ళ కింద నుంచి దూరి రింగెక్కింది. ఈలలు వేశారు. "ఇంటికెళ్ళి అంట్లు తోముకోవే" అని ఒకడు అరిచాడు. అత్త బకెట్టులో ఉన్న ఎర్రటి నీళ్ళు వాడి మొహాన కొట్టి, ఖాళీ బకెట్టుతోనే పనిలోకి దిగింది. ఆ రోజు నుంచి మామయ్య రింగు వదిలేదాకా ఆ మూల ఆమెదే. జిమ్ములో పిల్లలు ఆమెను కార్నర్ అత్త అనేవారు.

ఆ వృత్తిలో అందరూ చేసే పని ఒకటుంది. బాగా దెబ్బలు తిన్నవాడి దగ్గరికి రింగు డాక్టరు వచ్చి, కళ్ళలోకి టార్చి కొట్టి, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఈ రోజేంటి, ఇదెన్నో రౌండు, ఎవరితో కొట్లాడుతున్నావు. జవాబు తడబడితే పోటీ ఆపేస్తారు. అందుకని డాక్టరు మెట్లెక్కేలోపే కార్నర్ వాళ్ళు జవాబులు చెవిలో పోసేస్తారు. అత్త అయితే మామయ్య రెండు చెవులూ పట్టుకుని, ఆయన నుదుటికి తన నుదురు ఆనించి చెప్పేది.

"శనివారం. ఆరో రౌండు. మొండిమెడతో కొట్లాడుతున్నావు. ఏదీ, చెప్పు."

"శనివారం. ఆరు. మొండిమెడ."

"మళ్ళీ."

డాక్టరు వచ్చి అడిగితే మామయ్య అవే మాటలు గడగడా అప్పజెప్పేవాడు. డాక్టరు తల ఊపి దిగిపోయేవాడు. వాళ్ళెవరికీ అది మోసమని తోచేది కాదు. నెత్తురు తుడవడం ఎంతో, ఇదీ అంతే.

మొండిమెడ అనేవాడు మామయ్యకు అసలైన విరోధి. వాడి మెడ మీద గొడ్డలితో కొట్టినా వాలదనేవారు. వాళ్ళిద్దరి చివరి పోటీ నేను చూశాను. మామయ్య ఎడమ కనుబొమ్మ చిట్లి, చర్మం కంటి మీదికి వేలాడుతోంది. అత్త దాన్ని వేలితో పైకి తోసి, పత్తి కుక్కి, మళ్ళీ లోపలికి పంపేది. రౌండు రౌండుకీ మామయ్య తల వెనక్కి ఎగిరి పడుతుంటే వెనక వరస మనుషుల మీద చెమట, నెత్తురు కలిసి చిందేవి. చివరికి మొండిమెడ మోకాళ్ళ మీద పడ్డాడు, దవడ పక్కకు తిరిగిపోయింది. మామయ్య గెలిచాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు స్నానాల గది తలుపు ఎటుందో వెతుక్కున్నాడు. మూత్రంలో నెత్తురు పడింది. "గెలిచినవాడికి ఆమాత్రం ఉండదా ఏంటి" అని అత్త తీసిపారేసింది.

గ్లోవ్స్ వదిలేశాక మామయ్య అదే జిమ్ములో కొత్తవాళ్ళకు నేర్పేవాడు. ప్యాడ్లు పట్టడం ఆయన పని. రెండు అరచేతులకూ దళసరి తోలు ప్యాడ్లు తొడుక్కుని నిలబడితే, ఎదుటివాళ్ళు వాటి మీద గుద్దుతూ సాధన చేస్తారు. జిమ్ము యజమాని ఒకప్పుడు మామయ్య చేతిలో చావుదెబ్బలు తిని, బుద్ధొచ్చి వ్యాపారంలోకి దిగినవాడు. మామయ్యను అన్నా అని, అత్తను వదినా అని పిలిచేవాడు. అత్త పరుపుల కొట్టు మానేసి జిమ్ములోనే బస్తాలు, గ్లోవ్స్ బాగుచేస్తూ ఉండేది. మామయ్య శిష్యుల్లో గట్టి పిండం ఒక ఎడంచేతి అమ్మాయి. ఇరవై దాటింది. ఎడమచెయ్యి ఎప్పుడొచ్చి తగిలిందో ఎదుటివాళ్ళకు కింద పడ్డాక గానీ తెలిసేది కాదు. మామయ్య ఆ పిల్లను చూసి మురిసిపోయేవాడు.

మతిమరుపు మొదట్లో నవ్వు తెప్పించింది. చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టాడు. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటికెళ్ళి తలుపు తియ్యమని పిడిగుద్దులు గుద్దాడు. లోపలివాళ్ళు హడలిపోయారు, మేం వెళ్ళి క్షమాపణ చెప్పి తీసుకొచ్చాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. జిమ్ములో ఒక కుర్రాడు వెనక నుంచి భుజం తడితే, మామయ్య తిరిగి వాడి ముందు పన్ను రాలగొట్టాడు. ఇంకొకరోజు మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. అత్త టీ కోసం లేపింది. కళ్ళు తెరుస్తూనే గుద్దాడు.

నేను సరుకుల వ్యాను నడుపుతాను. ఆ సాయంత్రం అటు వెళ్తూ వాళ్ళింట్లో ఆగాను. అత్త చెంప వంకాయలా ఉంది.

"బీరువా తలుపు తగిలిందే" అంది.

"బీరువా తలుపుకి వేళ్ళ కణుపులుంటాయా అత్తా?"

"నోర్మూసుకుని టీ తాగు."

కుర్రాడి పన్ను సంగతి వాళ్ళ ఇంట్లోవాళ్ళు పట్టుకుని గోల చేసేసరికి యజమాని అత్తను పక్కకు పిలిచాడు. నేను బస్తాలు దించుతూ అక్కడే ఉన్నాను.

"వదినా, అన్నని ఒకసారి డాక్టర్‌కి చూపించు. మతిమరుపు జబ్బుకి ఏదో చిన్న పరీక్షుందంట, కాగితం మీద. బాగుందని రాసిస్తే నాకే బాధా లేదు."

"లేకపోతే?"

"రింగెక్కనివ్వను. ఇంట్లో ఒక్కడే ఉండగలడా, నువ్వే ఆలోచించుకో."

అత్త భయమేంటో నాకు తెలుసు. మొండిమెడ అప్పటికే పట్నం చివర ఇనప గేటున్న సంరక్షణ కేంద్రంలో ఉన్నాడు. అత్త ఒకసారి చూడ్డానికెళ్ళింది. గొడ్డలికి వాలని ఆ మెడ ఛాతీ మీదికి వాలిపోయి ఉందట. నడుముకు బెల్టు వేసి కుర్చీకి కట్టేశారట. గోడతో గొడవపడి గుద్దుతుంటే చేతులు విరుగుతున్నాయని కట్టారట. ఇంటికొచ్చి అత్త గిన్నెలన్నీ ఎత్తి పడేసింది. "ఈయన్ని అక్కడ కూర్చోబెట్టే బదులు నేనే దిండు పెట్టి నొక్కేస్తా" అంది. పరీక్ష తప్పితే ముందు జిమ్ము పోతుంది, జిమ్ము పోతే ఆయన మిగలడు, చివరికి ఆ గేటే గతి. అత్తకు ఇది తప్ప ఇంకేమీ కనిపించలేదు.

వాళ్ళిద్దర్నీ ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వయసులో చిన్నది, కానీ తొందరపడే మనిషి కాదు. గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, చేతులు కడుక్కునే సింకు. బయట వరండా నిండా జనం. ఐదు మాటలు చెబుతాను, కాసేపాగి మళ్ళీ అడుగుతాను అంది. ఇటుక, గొడుగు, చేప, నిచ్చెన, పసుపు. తేదీ అడిగింది. వందలోంచి ఏడేసి తగ్గిస్తూ రమ్మంది. గడియారం గీసి నాలుగుంపావు చూపించమంది. మామయ్య పెన్సిలు పట్టుకుని చెమటలు కక్కాడు. గీసిన గుండ్రంలో అంకెలన్నీ కుడి పక్కకు పోగుపడ్డాయి, ఎడమ పక్కంతా ఖాళీ.

"ఇందాక చెప్పిన ఐదు మాటలేంటండీ?"

మామయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత పెన్సిల్ని పిడికిట్లో పట్టుకుని బల్ల మీద పొడిచాడు. అది విరిగి ముక్క ఆమె భుజం పక్కనుంచి ఎగిరింది. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది గానీ లేవలేదు.

"ఇది జల్లెడ లాంటిదమ్మా" అని అత్తకు చెప్పింది. "దీంతోనే జబ్బని తేల్చం. ఇందులో ఆగితే స్కాను, రక్తపరీక్షలు, ఇంకా లోతుగా చూస్తాం. ఈరోజు ఆయనకి ఆందోళనగా ఉంది, పాసు మార్కుల గీతకి కొంచెం కిందే ఆగారు. కొన్ని వారాలాగి మళ్ళీ చేద్దాం. ఇంతకీ ఇంట్లో ఎలా ఉంటారు? దారి తప్పుతున్నారా? చెయ్యి చేసుకుంటున్నారా?"

"లేదమ్మా. వెన్నపూస."

"అబద్ధం" అన్నాను నేను.

అత్త బల్ల కింద నా తొడ మీద గిల్లిన గిల్లుడుకు చర్మం కమిలిపోయింది. "దీనికి మామయ్యంటే పడదు డాక్టరమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే, ఎడ్డెమంటే తెడ్డెం."

డాక్టరమ్మ మామయ్యనే అడిగింది. ఆయన నిటారుగా కూర్చుని, "నేను ఆడవాళ్ళ మీద చెయ్యెత్తనండీ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు గుర్తున్నంతవరకు అదే నిజం.

వారం తిరక్కుండా నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వంటగదిలో రింగు వెలిసింది. మూలలో స్టూలు. పక్కన బకెట్టు, స్పాంజి. గట్టు మీద అలారం గడియారం. మామయ్య చొక్కా లేకుండా స్టూలు మీద ఉన్నాడు. అత్త ఆయన మెడ మీద తడి స్పాంజి పెట్టి, చెవులు పట్టుకుని, నుదురు ఆనించి చెబుతోంది.

"ఇటుక, గొడుగు, చేప, నిచ్చెన, పసుపు. చెప్పు."

"ఇటుక, గొడుగు, చేప..."

"నిచ్చెన!" చెంప మీద ఒకటిచ్చింది. "నిచ్చెన, పసుపు. మళ్ళీ."

డాక్టరమ్మ గదిలో ఉండగానే ఆ కాగితం మొత్తాన్ని అత్త బుర్రలోకి ఎక్కించేసుకుంది. మామూలు కుర్చీలో కూర్చోబెట్టి చెబితే మామయ్యకు ఒక్క ముక్క నిలిచేది కాదట. మూలలో స్టూలు వేసి, మెడ మీద తడి తగిలించేసరికి ఆయన లోపల ఏదో తలుపు తెరుచుకునేది. గడియారం గీయడం కూడా దెబ్బలుగానే నేర్పింది. గోడ మీద బొగ్గుతో గుండ్రం గీసి నిలబెట్టింది. "ఇది వాడి ఒళ్ళు. పన్నెండు నెత్తి మీద, కొట్టు. ఆరు పొత్తికడుపు, కొట్టు. మూడు ఇటు డొక్క, తొమ్మిది అటు డొక్క." మామయ్య కొట్టేవాడు. గోడ సున్నం రాలి, కణుపులు చిట్లి, గుండ్రం చుట్టూ పన్నెండు ఎర్రటి మరకలు ఏర్పడ్డాయి. అన్నీ సరిగ్గా వాటి వాటి చోట్లే ఉన్నాయి.

అలారం మోగినప్పుడు మాత్రం ఆయన కళ్ళు మారిపోయేవి. స్టూలు మీంచి లేచి గుద్దేవాడు. ఎక్కువసార్లు అత్త తప్పుకునేది. తప్పుకోలేనప్పుడు పక్కటెముకలు పట్టుకుని కాసేపు నేల మీద కూర్చుని, లేచి మళ్ళీ మొదలుపెట్టేది.

నాకు ఆగలేదు. "ఆయన జారిపోయేలా ఆ జల్లెడకి నువ్వే పెద్ద చిల్లు పెడుతున్నావత్తా. రేపు నిన్ను చంపేస్తే అప్పుడు ఎవరొచ్చి జవాబులందిస్తారు?"

"చంపితే నన్నే కదా చంపేది. నువ్వెందుకు ఏడుస్తావు?"

"జిమ్ములో పిల్లలున్నారు."

"రింగులో ఆయనకేం కాదు. రింగు ఆయనకి తెలుసు." అంతే, ఇంకో మాట చెవిన వేసుకోలేదు. నేను తలుపు దడాలున విసిరి వచ్చేశాను.

రెండోసారి పరీక్షకు వెళ్ళేటప్పుడు వ్యానులో దారి పొడుగునా అత్త ఆ రోజు తేదీ ఆయన చెవిలో పోస్తూనే ఉంది. గదిలోకి వెళ్ళేముందు తడిచేత్తో మెడ తుడిచింది. వరండాలో ఆ రోజు కాలు పెట్టే సందు లేదు. డాక్టరమ్మ తీసింది పాత కాగితమే. మామయ్య ఐదు మాటలూ అదే వరసలో అప్పజెప్పాడు. గుండ్రం గీసి పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది టకటకా పెట్టేశాడు. ముళ్ళు పెట్టేటప్పుడు ఆయన భుజం ఊగడం నేను చూశాను.

"చాలా నయం. గీత దాటారు" అంది డాక్టరమ్మ. కాగితం మీద సంతకం పెట్టకుండా కాసేపు అత్త వైపు చూసింది. "కాగితం కొంతే చెబుతుందమ్మా. ఇంట్లో జరిగేది మీరు చెబితేనే నాకు తెలిసేది. ఏమైనా ఉందా?"

"ఏమీ లేదమ్మా" అంది అత్త, పక్కటెముకల మీద చెయ్యి తియ్యకుండా.

ఈసారి నేను అరిచాను. అత్త డొక్కలో దెబ్బ చూడండి, కొంగు తొలగించి చూడండి అన్నాను. అత్త నా వైపు తిరిగి, అందరి ముందూ చెంప పగలగొట్టింది. "బయటికి పో" అంది. బయట జనం తలుపు తోసుకుని లోపలికి తొంగిచూస్తున్నారు. డాక్టరమ్మ అత్తను వేరేగా కూర్చోబెట్టి మళ్ళీ అడిగిందట. అత్త ఒళ్ళు చూడనివ్వలేదు, మళ్ళీ అదే చెప్పింది. చివరికి సంతకం పడింది.

యజమాని ఆ కాగితం చదివి మామయ్యను కౌగిలించుకున్నాడు. "బతికించావన్నా. నిన్ను పొమ్మనాల్సి వస్తుందేమోనని నిద్ర పట్టలేదు." అత్త ఆ రోజు జిమ్ములో అందరికీ టీ పోయించింది. ఎడంచేతి అమ్మాయి మామయ్య చేతులకు ప్యాడ్లు తానే తొడిగింది. అంతమంది సంతోషపడుతుంటే నేను వ్యాను ఎక్కి వచ్చేశాను.

కొంతకాలం ఏమీ జరగలేదు. అత్త నన్ను చూసి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసేది. ఆ మధ్యాహ్నం నేను అత్తను ఇంటికి దింపుదామని వెళ్ళాను. ఆమె బెంచీ మీద కూర్చుని బస్తా కుడుతోంది. రింగులో మామయ్య ప్యాడ్లు పట్టుకున్నాడు, ఎడంచేతి అమ్మాయి కొడుతోంది. తలకు రక్షణ టోపీ లేదు, పళ్ళకు తొడుగు లేదు. ప్యాడ్ల సాధనకు అవి ఎవరూ వేసుకోరు. జిమ్ము అవతలి మూల ఇంకో ఇద్దరి సాధన అయిపోయి, గోడ మీది గంట మోగింది.

మామయ్య చేతుల్లోంచి ప్యాడ్లు జారి పడ్డాయి.

"రారా మొండిమెడా" అన్నాడు.

ఆ పిల్ల వేళాకోళమాడుతున్నాడనుకుంది. నవ్వుతూ చేతులు దించేసింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే కుడిచెయ్యి దిగింది. కన్ను పక్కన ఎముక విరిగిన చప్పుడు బెంచీ దాకా వినిపించింది. పిల్ల తాళ్ళ మీద పడి కిందికి జారింది. మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో ఆమె గొంతు నేలకు నొక్కి, ఉత్త పిడికిలితో అదే కన్ను మీద గుద్దుతున్నాడు. యజమాని వెనక నుంచి మీద పడితే మోచేత్తో ఒక్కటిచ్చాడు. యజమాని కడుపు పట్టుకుని బయటికి దొర్లాడు. అవతలి మూల ఇద్దరూ కొయ్యబారిపోయారు. అత్త దబ్బనం పడేసి, తాళ్ళ కింద నుంచి దూరి, ఇనప స్టూలు మూలలో వేసి, "కూర్చో! గంట మోగింది, కూర్చో!" అని అరిచింది. ఆయన వినలేదు. అత్త వెళ్ళి ఆ పిల్ల మీద అడ్డంగా పడింది. మామయ్య అత్త జుట్టు పట్టుకుని మొహం పైకెత్తి దవడ మీద కొట్టాడు. కింది దవడ పక్కకు పోయి, నోట్లోంచి నెత్తురు ధారకట్టింది. మళ్ళీ చెయ్యెత్తాడు.

నేను స్టూలు తీసుకుని ఆయన వీపు మీద కొట్టాను. తిరిగి చూశాడు. తల మీద కొట్టాను. ఆయన పక్కకు వాలి, తాళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు. దానికి నేనేమీ బాధపడను, అవసరమైతే ఈరోజైనా కొడతాను.

నెత్తి మీంచి నెత్తురు కళ్ళలోకి కారుతుంటే మామయ్య అత్త వైపు చూశాడు.

"గెలిచామా?" అని అడిగాడు.

ఎడంచేతి అమ్మాయి కన్ను దక్కలేదు. అత్త దవడ విరిగిన చోట అతికించి, పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగలతో కట్టేశారు. మామయ్యను పోలీసులు ఆసుపత్రిలోనే ఒక గదిలో పెట్టి కాపలా వేశారు. అత్త లేవగలిగిన రోజున మొదట ఆ పిల్ల మంచం దగ్గరికి నడిచింది. నేను పట్టుకుని తీసుకెళ్ళాను. సగం మొహానికి కట్టు, మిగిలిన కన్ను అత్త మీదే ఉంది.

"ఆయనకి బాలేదని మీకు ముందే తెలుసా అత్తా?"

అత్త పళ్ళ సందుల్లోంచి, "తెలుసు" అంది.

"నాకు చెప్పుంటే నేను ప్యాడ్ల ముందు నిలబడేదాన్ని కాదు."

ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది. అత్త నా భుజం పట్టుకుని, "నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అంది నాతో.

మామయ్యను కూడా ఆ గదికే తీసుకొచ్చారు. తల చుట్టూ కట్టు, పక్కన కాపలా మనిషి. డాక్టరమ్మ ఈసారి వేరే కాగితం తీసింది. వేరే ఐదు మాటలు చెప్పింది. కాసేపాగి అవేంటో అడిగింది.

మామయ్య నడుం నిటారుగా పెట్టి, "ఇటుక, గొడుగు, చేప, నిచ్చెన, పసుపు" అని అత్త వైపు గర్వంగా చూశాడు.

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. ఆమె మొహం పాలిపోయింది.

"నేనే నేర్పాను" అంది అత్త. "కొట్టి నేర్పాను. ఇంక నన్ను అడగండమ్మా. మీరు అప్పుడు అడిగినవన్నీ అడగండి."

డాక్టరమ్మ అడిగింది, అత్త చెప్పింది. దారి తప్పుతాడు. అద్దె ఇంటి తలుపు గుద్దాడు. టీకి లేపితే చెంప మీద గుద్దాడు, బీరువా తలుపు కాదు. వంటగదిలో పక్కటెముకలు విరగ్గొట్టాడు. జిమ్ములో ఒక కుర్రాడి పన్ను రాలగొట్టాడు. ఒక ఆడపిల్ల కన్ను తీశాడు. నా దవడ ఇదిగో. ఒక్కొక్కటే పళ్ళ మధ్యనుంచి తోసినట్టు వస్తోంది, గడ్డం మీదికి ఉమ్మి కారుతోంది, తుడుచుకుంటూ చెబుతోంది. ఇది రాశాక ఆయన వెళ్ళేది ఇనప గేటు లోపలికేనని ఆమెకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఆమె మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

మామయ్య అదంతా శ్రద్ధగా వింటున్నాడు. వింటున్నకొద్దీ మెడ నరాలు ఉబ్బాయి. ఉన్నట్టుండి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కాపలా మనిషి లాఠీ తీశాడు.

"ఎవడే వాడు?" అన్నాడు అత్తతో. పిడికిళ్ళు రెండూ పైకి లేచాయి. "ఎవడు కొట్టాడే నిన్ను? చూపించు. ఇప్పుడే పోయి వాడి దవడ ముక్కలు చేస్తా. ఎవడు వాడు?"

డాక్టరమ్మ గొంతు తగ్గించి, "ఏదో ఒకటి చెప్పండమ్మా" అంది. "జారి పడ్డానని చెప్పండి. ఆయన శాంతిస్తారు."

అత్త తల అడ్డంగా ఊపింది.

"నువ్వేనయ్యా."

"నేనా?"

"నువ్వే కొట్టావు."

మామయ్య తన పిడికిళ్ళ వైపు చూసుకున్నాడు. కణుపుల మీద చెక్కుకుపోయిన చర్మం ఇంకా మానలేదు. వేళ్ళు మెల్లగా విప్పాడు. కాపలా మనిషి కుర్చీ లేపి పెడితే కూర్చుని, రెండు చేతులూ తొడల కిందికి తోసుకుని, వాటి మీద బరువు వేసి తల దించుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికైనా చేతులు బయటికి తియ్యలేదు.

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. కాసేపటికి మామయ్య తలెత్తి అత్త మొహం చూశాడు. ఆ వంకర దవడ, ఆ తీగలు ఆయనకు కొత్తగా కనబడ్డాయి. ఒక చెయ్యి తొడ కింది నుంచి బయటికొచ్చింది, పిడికిలి బిగుసుకుంది.

"ఎవడే నిన్ను కొట్టింది?"

"నువ్వే" అంది అత్త.

చెయ్యి మళ్ళీ తొడ కిందికి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ రాసి ముగించేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు. అడిగిన ప్రతిసారీ అత్త అదే చెప్పింది, ఒక్కసారి కూడా మాట మార్చలేదు.